దయచేసి చిరునవ్వు నవ్వండి

నిబంధనలు రాయడంలో మా జిల్లాలో నన్ను మించినవాడు లేడు. ఈ మాట ఇంకెవరైనా అంటారేమోనని ఇరవై ఆరేళ్ళు ఎదురుచూసి, ఇక లాభం లేదని నేనే చెప్పుకుంటున్నాను.

నా పేరు పానకాలరావు. జిల్లా స్త్రీ ఆదరణ విభాగంలో సూపరింటెండెంటుని. రెండేళ్ళ కిందట మాకో పథకం వచ్చింది. పేరు 'తోడు వలయం'. లైంగిక హింసకు గురైన ఆడవాళ్ళు వారానికోసారి ఒకచోట కూర్చుని, ఒకరికొకరు తోడై, మెల్లగా కుదుటపడేలా చూసే గదులు ఊళ్ళల్లో అక్కడక్కడా ఉంటాయి. ఎవరో ఒక పుణ్యాత్మురాలు వాటిని నడుపుతూ ఉంటుంది. ఆ గది అద్దె, టీ ఖర్చు, వచ్చేవాళ్ళ బస్సు ఛార్జీలు సర్కారు ఇవ్వాలి. పథకం అంటే అంతే. చెప్పడానికి రెండు ముక్కలు చాలు. కానీ రెండు ముక్కల్లో చెబితే దాన్ని పథకం అనరు. అందుకని నిబంధనలు రాయమని నాకు అప్పగించారు. ముప్పై ఒకటి రాశాను.

అందులో పద్నాలుగోది ఇదీ: 'లబ్ధిదారు పేరుగానీ ముఖంగానీ ఊరుగానీ ఎట్టి పరిస్థితుల్లోనూ, ఏ రూపంలోనూ, ఎవరికీ వెల్లడి కారాదు.' రాశాక నాకే ముచ్చటేసింది. ఎంత దయగలవాణ్ణిరా అనుకుని భోజనానికి వెళ్ళాను. ఆ రోజు మా ఆవిడ గోంగూర పచ్చడి పెట్టింది. తిరిగొచ్చి, ఆవలిస్తూ పదిహేనోది రాశాను. 'ప్రతి లబ్ధిదారు ప్రతి సమావేశంలోనూ ముఖ గుర్తింపు యాప్‌లో తన పేరు, ముఖం, ఊరు నమోదు చేసిన పిమ్మటే నిధులు విడుదల కాగలవు.' దొంగ హాజర్లు అరికట్టాలి కదా. ఆ రెండు నిబంధనలకీ మధ్య గోంగూర తప్ప అడ్డం ఏమీ లేదు. ఎనిమిదిమంది అధికారులు చదివి సంతకాలు పెట్టారు. చదివారని వాళ్ళే రాశారు.

ఒక్క హైమవతి మాత్రం ఆగింది. హైమవతి మా సీనియర్ అసిస్టెంటు. నా పక్క టేబిలే. మాట తక్కువ మనిషి, తొమ్మిదిన్నరకల్లా సీట్లో ఉంటుంది, పనిలో వంక పెట్టడానికి ఉండదు. ఆఫీసర్ల వెంట పై ఊళ్ళకు వెళ్ళే క్యాంపు డ్యూటీ అంటేనే ఏదో సాకు చెప్పి తప్పించుకుంటుంది. బద్ధకం అనుకునేవాణ్ణి. ఆ రోజు నిబంధనలు టైపు చేస్తూ చేస్తూ తలెత్తింది.

"సార్, పద్నాలుగు, పదిహేను ఒకసారి చూస్తారా?"

"చూసే రాశానమ్మా. నువ్వు టైపు చెయ్," అన్నాను.

చేసింది.

నవంబరులో నాంచారమ్మ గారు వచ్చారు. ఈవిడ రిటైరైన నర్సు. అరవై దాటాయి. మార్కెట్టు వెనక సందులో, పిండిమర పైన ఒక గది అద్దెకు తీసుకుని ప్రతి గురువారం రెండు గంటలకు పదకొండుమంది ఆడవాళ్ళని కూర్చోబెడుతున్నారు. ఏడాదిగా తన పింఛనులోంచే నడిపి, ఇక చేతకాక మా పథకానికి దరఖాస్తు పెట్టుకున్నారు. ఫోను తీసి నా బల్ల మీద పెట్టారు.

"పానకాలరావు గారూ, మీ యాప్ మా పిల్లల్ని నవ్వమంటోందండీ."

చూశాను. ముఖం పడాల్సిన గుండ్రం కింద అక్షరాలు వెలుగుతున్నాయి. దయచేసి కళ్ళు ఆర్పండి. దయచేసి చిరునవ్వు నవ్వండి.

"అదేం లేదమ్మా. ఎదురుగా ఉన్నది ఫోటో కాదు, బతికున్న మనిషేనని దానికి తెలియాలి. అందుకు," అని వివరించాను.

"బతికున్నారనే కదండీ నేను వచ్చింది," అన్నారావిడ.

ఈ జవాబుకు సరిపోయే నిబంధన కోసం ముప్పై ఒకటీ మనసులో తిరగేశాను. నీళ్ళు తాగాను.

"ఒక పిల్ల ఉంది. పందొమ్మిదేళ్ళు," అని మళ్ళీ ఆవిడే అన్నారు. "నాలుగు గురువారాలు గోడవైపు తిరిగి కూర్చుంది. పోయిన వారమే ఇటు తిరిగింది. ఆ పిల్ల మొహాన ఫోను పెట్టి, పేరు చెప్పు, ఊరు చెప్పు, నవ్వు అని ఎలా అంటాను చెప్పండి."

"ముఖానికి పవిట కప్పుకుంటే?"

"ముఖం కనబడలేదంటుంది."

"వేరే..."

"మార్చి నెలాఖరు దాకా గడువిచ్చాడు మర ఓనరు. ఆ పైన తవుడు బస్తాలు వేసుకుంటాడట. తప్పు లేదు, ఆయనా ఎన్నాళ్ళని ఊరుకుంటాడు."

"పోనీ ఇంకో గది చూసుకోకూడదామ్మా? కింద ఆ మర రొద..."

"ఆ రొద ఉండబట్టే నోరు విప్పుతారండీ వాళ్ళు. కింద మర తిరుగుతుంటే పైన ఎవరు ఏడ్చినా, ఏం చెప్పుకున్నా వీధిలోకి వినబడదు. అంత చప్పుడుండే గది ఈ ఊళ్ళో నాకు ఇంకెక్కడ దొరుకుతుంది?"

ఆవిడ వెళ్ళాక నాకు నిజంగానే మనసు కలుక్కుమంది. మనసు కలుక్కుమన్నప్పుడు నేను చేసే పని ఒకటే. ఫైలు పెట్టాను.

మా జాయింట్ డైరెక్టరు చిదంబరం గారు ఫైలు ముందూ వెనకా తిప్పి చూసి, కుర్చీలో వెనక్కి వాలారు.

"పానకాలరావ్, గోప్యత మన ప్రాణం. పారదర్శకత మన ఊపిరి. ప్రాణం కోసమని ఊపిరి వదులుకోగలమా?"

"వదులుకోలేం సార్."

"పోనీ ఊపిరి కోసమని ప్రాణం?"

"అదీ కష్టమే సార్."

"కాబట్టి స్పష్టత కోరుతూ ప్రధాన కార్యాలయానికి రాద్దాం."

రాశాం. జవాబు సంక్రాంతి వెళ్ళాక వచ్చింది. 'గోప్యతకు భంగం కలగకుండా, పారదర్శకతకు లోటు రాకుండా, స్థానికంగా తగు చర్య తీసుకోగలరు.' అంటే మీ చావు మీరు చావండి అని. చిదంబరం గారు నా వైపు చూశారు. ఆ క్షణాన నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ నాకు ఆలోచన వచ్చింది. నాకు ఆలోచన వస్తే ఎవరో ఒకరికి మూడిందన్నమాటే.

"సార్, వెనకటికి రాజుగారికి తీరిక లేకపోతే ఆయన కత్తికి బాసికం కట్టి పెళ్ళి చేసేవారట. పెళ్ళి చెల్లేది. మనమూ అలాగే, లబ్ధిదారుల బదులు..."

"బదులు?"

"ప్రాతినిధ్య లబ్ధిదారులు సార్. మన స్టాఫే పదకొండుమంది వెళ్ళి ఆ గదిలో కూర్చుంటారు. యాప్‌కి ముఖాలు దొరుకుతాయి. అసలువాళ్ళ ముఖాలు బయటపడవు. పద్నాలుగూ బతుకుతుంది, పదిహేనూ బతుకుతుంది."

చిదంబరం గారు లేచి నాతో చెయ్యి కలిపారు. నా సర్వీసులో ఒక అధికారి నాతో చెయ్యి కలపడం అదే మొదలు. ఆ రోజంతా ఆ చేతిని చూసుకుంటూ గడిపాను.

జాబితా నేనే వేశాను. ఏడుగురు మగవాళ్ళు, నలుగురు ఆడవాళ్ళు. ఆడవాళ్ళు అంతకంటే లేరు మా ఆఫీసులో. హైమవతి పేరు కూడా వేశాను.

"సార్, నన్ను వదిలెయ్యండి," అంది.

"ఇదేం క్యాంపు కాదమ్మా. కూర్చోవడమే. కూర్చోవడానికి కూడా బద్ధకిస్తే ఎలా?"



మొదటి గురువారం ఆఫీసు జీపులో దిగాం. మాతో మా అటెండరు మస్తాన్‌వలి కూడా ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్ళవాడు, బుర్ర మీసాలు, మోకాళ్ళ నొప్పులు. అతనే మొదటగా ఫోను ముందు కూర్చుని, కళ్ళు ఆర్పి, మీసాల కింద నుంచి చిరునవ్వు నవ్వాడు. 'లబ్ధిదారు నమోదయ్యారు. మీరు ఒంటరి కాదు,' అంది యాప్. మస్తాన్ కంగారుగా వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. యాప్ తెరిచి ఉన్నంతసేపూ అసలు ఆడవాళ్ళు ఆ గదిలో ఉండకూడదు. పొరపాటున కెమెరాలో పడితే పద్నాలుగో నిబంధన మంటగలిసిపోతుంది. కాబట్టి వాళ్ళని మెట్ల మీద కూర్చోబెట్టాం. మా సమావేశం రెండు నుంచి మూడున్నర. వాళ్ళ ఊళ్ళకు ఆఖరి బస్సు నాలుగింటికి. మధ్యలో మిగిలేది వాళ్ళది.

"నిధులొచ్చేదాకా ఓర్చుకుంటామండీ," అన్నారు నాంచారమ్మ గారు. ఆ గోడవైపు తిరిగి కూర్చునే పిల్ల, మెట్ల మీంచి ఏడుగురు మగవాళ్ళు దిగిరావడం చూసి, మరుసటి వారం నుంచి రావడం మానేసింది. ఈ సంగతి ఫైల్లో రాద్దామని చూశాను. అందుకు గడి లేదు. గడులు గీసింది నేనే.

హాజరుతో యాప్ సరిపెట్టుకోలేదు. ప్రతి లబ్ధిదారూ నాలుగు నిమిషాలకు తగ్గకుండా మనసు విప్పి మాట్లాడాలి. గొంతు వణుకు కొలిచి, కోలుకున్న శాతం అదే చెబుతుంది. మస్తాన్ తన మోకాళ్ళ గురించి నాలుగు నిమిషాలు చెప్పి మొదటి వారమే తొంభై శాతం కోలుకున్నాడు. చిదంబరం గారు పిలిపించారు.

"ఏమయ్యా, ఇంత వేగంగా కోలుకుంటే పథకమే అవసరం లేదంటారు పైవాళ్ళు. ఆలోచించక్కర్లేదా?"

"మళ్ళీ పాడవమంటారా సార్?" అని అడిగాడు మస్తాన్ వినయంగా.

"మితంగా."

మస్తాన్ రెండో వారం నలభైకి దిగాడు. క్యాషియరు మాత్రం ఎంత మాట్లాడినా ముప్పై దాటడం లేదు. ఇలా ఐతే పథకం పనిచేయడం లేదంటారని అతనికి మెమో ఇచ్చాం. మెమో అందుకున్నాక అతని గొంతు ఇంకా వణికి ఇరవైకి పడిపోయింది. చివరికి నేనే ఒక పట్టిక వేశాను. వారానికి పది శాతం చొప్పున, తొందర లేకుండా, ఆలస్యం లేకుండా అందరూ కోలుకోవాలి. పండగ సెలవు వస్తే ఐదు.

నా వంతు మాట కూడా చెప్పుకోవాలి. మూడో వారం నేను నా ప్రమోషన్ గురించి మాట్లాడాను. తొమ్మిదేళ్ళుగా ఆగిపోయింది. నాకంటే చిన్నవాళ్ళు నా మీద అధికారులైపోయారు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. ఉత్తుత్తి ఏడుపు కాదు, ముక్కు కూడా కారింది. ఎవరూ నన్ను మధ్యలో ఆపలేదు. నాంచారమ్మ గారు మంచినీళ్ళిచ్చి, నేను కుదుటపడేదాకా పక్కనే నిలబడ్డారు. ఇంటికెళ్ళి మా ఆవిడతో అన్నాను, ఈ రోజు గుండె ఎంత తేలికైందో తెలుసా అని.

"ఎవరి గదిలో కూర్చుని తేలికపడి వచ్చారు?" అంది.

అన్నం సయించలేదు ఆ పూట. కానీ మళ్ళీ గురువారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను. నేనొక్కణ్ణే కాదు, మావాళ్ళంతా అంతే. మేమందరం ఆ గదిలో సుఖంగా కోలుకుంటూ ఉన్నాం. వాళ్ళు మెట్ల మీద ఉన్నారు.

హైమవతి ఒక్కతే దారికి రాలేదు. తన వంతు రాగానే సంచీలోంచి సెలవు నిబంధనల సర్క్యులరు తీసి, నాలుగు నిమిషాలు చదివి, మడిచి లోపల పెట్టేసేది. ఐదు వారాలూ అదే. యాప్ ముప్పై శాతం దగ్గరే నిలబెట్టింది. జిల్లా సగటు పాడవుతోందని నాకు బెంగ పట్టుకుంది.

"హైమవతీ, కొంచెం కోలుకోమ్మా. అందరూ కోలుకుంటున్నారు కదా. నీకేమైంది?" అని మందలించాను.

ఈ మాట అన్నది నేనే. ఎవరో అన్నట్టు రాసి తప్పించుకుందామని రెండుసార్లు కొట్టేసి, మళ్ళీ రాశాను.

మార్చి రెండో వారం చిదంబరం గారే తనిఖీకి వచ్చారు. ఆ తనిఖీ ముగిసి, ఆయన సంతకం పడితే నిధులు విడుదల. పడకపోతే నెలాఖరుకి బడ్జెట్టు మురిగిపోతుంది, గదిలోకి తవుడు బస్తాలు వస్తాయి. నాంచారమ్మ గారు ఆ రోజు కొత్త చాప కొని పరిచారు. మేం పదకొండుమందిమీ గుండ్రంగా కూర్చున్నాం. చిదంబరం గారికి ఆఫీసు నుంచి తెచ్చిన కుర్చీ వేశాం. కింద మర తిరుగుతోంది. గది నేల సన్నగా అదురుతోంది.

"ప్రియమైన ప్రాతినిధ్య లబ్ధిదారులారా," అని మొదలుపెట్టారాయన. "బాధ అనేది ఒక స్థితి. కోలుకోవడం అనేది ఒక ప్రక్రియ. ప్రక్రియకు గడువు ఉంటుంది. ఆ గడువు ఈ ఆర్థిక సంవత్సరంతో ముగుస్తోంది. కాబట్టి అందరూ సహకరించి..."

సహకరించాం. ఎనభై, ఎనభై, ఎనభై అని వరసగా కోలుకుంటూ వచ్చాం. హైమవతి వంతు వచ్చింది. సంచీలో చెయ్యి పెట్టింది. సర్క్యులరు తీయలేదు. చెయ్యి బయటికి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"పద్నాలుగేళ్ళ కిందట నేను జూనియర్ అసిస్టెంటుని," అంది. "అప్పటి మా ఆఫీసరు గారితో క్యాంపుకి పంపారు."

ఆ ఆఫీసరు పేరు చెప్పింది. గెస్ట్ హౌసు పేరు చెప్పింది. తలుపు గురించి చెప్పింది. అవేవీ నేను ఇక్కడ రాయను. అవి ఆమెవి. మర హోరులో మేం మెడలు చాచి వింటున్నాం. ఇంతలో కరెంటు పోయింది. మర ఆగిపోయింది. ఆ గదిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. హైమవతి గొంతు తగ్గించలేదు, ఆపలేదు.

"తిరిగొచ్చి, ఆయన కింద కాకుండా ఇంకెక్కడికైనా బదిలీ చెయ్యమని అర్జీ పెట్టాను. కారణం రాయలేకపోయాను. సూపరింటెండెంటు గారు మూడుసార్లు వెనక్కిచ్చారు. మూడోసారి దాని మీద ఎర్ర సిరాతో 'సరైన కారణం చూపలేదు' అని రాశారు. ఆ ఆఫీసరు కిందే మరో ఏడాదిన్నర పనిచేశాను. తర్వాత ఆయనకే ప్రమోషన్ వచ్చి వెళ్ళిపోయారు."

నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

నాలుగు నిమిషాలు అయినట్టుంది. గొంతు ఒక్కసారి కూడా వణకలేదు. గది మధ్యలో ఫోను వెలిగింది.

'తొంభై ఆరు శాతం కోలుకున్నారు. అభినందనలు. దయచేసి చిరునవ్వు నవ్వండి.'

మస్తాన్ మోకాళ్ళు పట్టుకుని లేచి వెళ్ళి, ఆ ఫోనుని బోర్లా తిప్పి పెట్టాడు. తలుపు దగ్గర చప్పుడైంది. మెట్ల మీద ఉన్నవాళ్ళు మర ఆగినప్పటి నుంచీ అంతా విన్నారు. ముందు ఒకావిడ వచ్చింది, తర్వాత ఇద్దరు, తర్వాత అందరూ. ఎవరూ చెప్పకుండానే మావాళ్ళు లేచి చాప ఖాళీ చేశారు. వచ్చినవాళ్ళలో ఒకావిడ హైమవతి పక్కన కూర్చుని, ఏమీ అనకుండా ఆమె సంచీ తన ఒళ్ళో పెట్టుకుంది. మేం మెట్లు దిగాం. చిదంబరం గారు కుర్చీ కూడా తెప్పించుకున్నారు.

మర్నాడు పదింటికే పిలుపు.

"పానకాలరావ్, పరిస్థితి తీవ్రంగా పరిణమించింది. ప్రాతినిధ్య లబ్ధిదారు అసలు లబ్ధిదారు అని తేలింది."

"అవును సార్."

"అంటే అసలు లబ్ధిదారు పేరు, ముఖం, ఊరు ఆరు వారాలుగా యాప్‌లో ఉన్నాయి. పద్నాలుగో నిబంధన ఉల్లంఘన. నిధులు ఆపక తప్పదు. పైగా ఒక ఉద్యోగి, తాను అసలైన లబ్ధిదారు అయి ఉండి, ఆ విషయం ప్రభుత్వానికి తెలపకుండా నకిలీ లబ్ధిదారుగా కూర్చుంది. ఇది క్రమశిక్షణ చర్యకు అర్హం. సంజాయిషీ మెమో తయారు చెయ్. భాష నీదే బాగుంటుంది."

నా భాష బాగుంటుందని ఆయన అనడం అదే మొదలు. ఎప్పటి నుంచో కోరుకున్న మెప్పు అలా దొరికింది.

ముందు ఆమె ముఖమైనా ఆ యాప్‌లోంచి తీసేయిద్దామని సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. తీసెయ్యొచ్చు సార్ అన్నాడు అవతలివాడు. తీసెయ్యడానికి ఆ లబ్ధిదారే వచ్చి, కెమెరా ముందు కళ్ళు ఆర్పి, చిరునవ్వు నవ్వాలట.

రికార్డు గదిలోకి వెళ్ళాను. పద్నాలుగేళ్ళ కిందటి ఉద్యోగుల ఎస్టాబ్లిష్‌మెంటు ఫైళ్ళు అడుగు అరలో ఉన్నాయి. దులిపి, వెతికి, పట్టుకున్నాను. అర్జీ ఒక్క పేజీ. 'కారణం' అన్నచోట ఏమీ రాసి లేదు. ఆ ఖాళీలో కాగితం కొంచెం గరుకుగా ఉంది. రాసి, చెరిపి, రాసి, చెరిపినట్టుంది. కింద నా ఎర్ర సిరా. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కొత్తగా సూపరింటెండెంటునయ్యానేమో, సంతకం కింద రెండు గీతలు కూడా గీశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఇరవై ఆరేళ్ళుగా నేను మనుషుల్ని చూడలేదు, గడులు చూశాను. గడి నిండితే సరే, నిండకపోతే వెనక్కి. ఆ ఫైలు పట్టుకుని అక్కడే ఒక పాత బెంచీ మీద కూర్చుండిపోయాను.

తర్వాత హైమవతి టేబిలు దగ్గరికెళ్ళి నిలబడ్డాను. పద్నాలుగేళ్ళలో ఆ టేబిలు దగ్గరికి నేను వెళ్ళడం అదే మొదలు. ఎప్పుడూ పిలిచేవాణ్ణి.

"హైమవతి గారూ, అది రాసింది నేనే."

"తెలుసు సార్."

"మిమ్మల్ని అప్పుడు నేను అడగలేదు. ఏమైందమ్మా అని ఒక్క మాట అడిగి ఉంటే..."

"అడిగారు సార్. కాగితం మీద అడిగారు."

టైపు చేస్తున్న పని ఆపకుండానే అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే కొంత తట్టుకునేవాణ్ణి.

మెమో రాయడానికి కూర్చున్నాను. రాయలేదు. ఇరవై ఆరేళ్ళ అనుభవంలో నాకు తెలిసిన గొప్ప రహస్యం ఒకటుంది. మా ఆఫీసులో ఎవరూ అడ్డుపెట్టని కాగితం సవరణ ఉత్తర్వు. 'ఫలానా నిబంధన టైపు పొరపాటు వల్ల చేరినది, తొలగించడమైనది' అని ఒక్క ముక్క రాస్తే నిబంధన పోతుంది, ఏ అధికారికీ మచ్చ ఉండదు. తప్పు టైపు చేసినవాళ్ళ మీద పడుతుంది. కాగితం సగం రాశాక గుర్తొచ్చింది, ఆ నిబంధన టైపు చేసింది హైమవతి. నా చెయ్యి ఎంత అలవాటుగా మళ్ళీ ఆమె దగ్గరికే వెళ్ళిందో చూడండి. ఆ కాగితం చింపేసి, ఇంకోటి తీసుకుని చేత్తోనే రాశాను.

'పదిహేనో నిబంధన ఈ క్రింద సంతకం చేసినవాని బుద్ధి పొరపాటు వల్ల చేరినది. టైపు చేసిన ఉద్యోగిని ఆ రోజే ఎత్తి చూపినా వినలేదు. ముఖ గుర్తింపు హాజరు, శాతాలు, ప్రాతినిధ్య లబ్ధిదారులు, వారి వివరములు అన్నియు రద్దు చేయడమైనది. గది నడుపుచున్న వారి మాట నమ్మి నిధులు విడుదల చేయవచ్చును.'

చిదంబరం గారు మూడుసార్లు చదివారు.

"బుద్ధి పొరపాటు అనే పదం మన మాన్యువల్లో లేదయ్యా."

"చేర్చండి సార్. పనికొస్తుంది."

"నేను సంతకం చెయ్యకపోతే?"

"మెమో పైకి పంపాలి సార్. ప్రాతినిధ్య లబ్ధిదారుల ఉత్తర్వు కూడా దానికి జతపరచాలి. దాని మీద సంతకం తమరిదే. నాతో చెయ్యి కలిపిన రోజుది."

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. జీపు డ్రైవరు అద్దాలు తుడుచుకుంటున్నాడు.

"పారదర్శకత కూడా ఒక హద్దులో ఉండాలనుకో," అని సంతకం చేశారు. "నీ మీద చర్య తప్పదు మరి."

"అలాగే సార్. ఆ సంజాయిషీ మెమో సంగతి?"

"ఏ మెమో?" అన్నారాయన.

నా ఇంక్రిమెంటు ఏడాది ఆపేశారు. తొమ్మిదేళ్ళుగా ఆగిన ప్రమోషన్ ఇక ఎటూ కదలదని తేలిపోయింది. నిధులు మార్చి ముప్పైన విడుదలయ్యాయి. ముఖ హాజరు రద్దవడంతో యాప్ మూసేసి, దాంతోపాటు ముఖాలన్నీ తుడిచేశారు. నా చిరునవ్వు కూడా పోయింది.

ఈ కబురు చెబుదామని స్వయంగా పిండిమర దగ్గరికి వెళ్ళాను. నాంచారమ్మ గారు మెట్ల దగ్గరే ఆపేశారు.

"సంతోషమండీ. పైకి మాత్రం రాకండి."

"రానమ్మా. ఆ పిల్ల..."

"వచ్చింది. గోడవైపే కూర్చుంది. మళ్ళీ మొదటికొచ్చింది. మీరు పాడు చేసిన వారాలు మళ్ళీ కూడబెట్టుకోవాలి," అన్నారు. అనవలసిందే. "ఒక పని చేస్తారా పోనీ? గురువారాలు ఈమధ్య మరకి గిరాకీ తగ్గింది. రెండు గంటలప్పుడు ఖాళీగా ఉంటోంది. మర ఆగితే మావాళ్ళు నోరు మూసుకుంటున్నారు."

ఆ పని చేస్తున్నాం. ఇప్పుడు మా ఆఫీసు మొత్తం బియ్యం, గోధుమలు, మినుములు, కారం గురువారమే పట్టించుకుంటోంది. మస్తాన్ వంతులు వేశాడు. ఉత్తర్వు లేదు, ఫైలు లేదు, నిబంధన సంఖ్య లేదు. మా ఇంట్లో ఇప్పుడు వరిపిండి డబ్బాలు మంచం కింద కూడా ఉన్నాయి. రోజూ జంతికలే. మా ఆవిడ ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. నా సర్వీసులో నేను చేసిన పనికొచ్చే పని ఇదొక్కటే అని ఆవిడ ఉద్దేశమేమో.

మొన్న గురువారం ఒంటిగంటన్నరకు హైమవతి గారు నా టేబిలు మీద ఒక చీటీ పెట్టారు. మధ్యాహ్నం రెండు గంటల నుంచి పర్మిషన్ కోరే చీటీ. ఆ నమూనా కూడా నేను తయారు చేసిందే. పేరు ఉంది, తేదీ ఉంది, సమయం ఉంది. కారణం అన్నచోట ఏమీ లేదు.

చెయ్యి పెన్ను తీసుకుని, ఎవరూ చెప్పకుండానే ఆ ఖాళీ గడి దగ్గరికి వెళ్ళి ఆగింది. ఇరవై ఆరేళ్ళ చెయ్యి కదా. దాన్ని బలవంతంగా కిందికి లాక్కొచ్చి సంతకం చేశాను. గీతలు గీయలేదు.

"సార్, కారణం గడి ఖాళీగా ఉంది," అన్నారావిడ. నా ముఖంలోకే చూస్తూ అన్నారు.

"చూశానండీ," అన్నాను.

చీటీ తీసుకుని, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. ఆ వారం మర వంతు నాదే. బల్ల కింద నుంచి బియ్యం సంచీ తీసుకుని, ఆవిడ సందు మలుపు తిరిగేదాకా ఆగి, నేనూ బయల్దేరాను.